క్లియర్ అంటే రమ్మనా, పొమ్మనా? బొల్లారం గేటు దాకా ఒక రోజు

బొల్లారం పారిశ్రామికవాడకు సరదాగా ఎవరూ వెళ్లరని నాకు తెలుసు. అక్కడ జలపాతం లేదు, కోట లేదు, నిలబడి ఫోటో దిగడానికి మంచి గోడైనా లేదు. కానీ అక్కడ పనిచేసే అన్నో, భర్తో, అల్లుడో ఇంటికి ఒక ఇంగ్లీషు కాగితం తెచ్చుకుంటే, దాన్ని పట్టుకుని కంపెనీ గేటు దాకా వెళ్లాల్సిన వాళ్లు మన చుట్టుపక్కల చాలామందే ఉంటారు. ఈ రాత వాళ్ల కోసం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజుల్లో నేను చేసిన ప్రయాణం ఇది. అప్పటి చార్జీలు ఇప్పుడు చెబితే నవ్వుతారు గానీ, దారి మాత్రం పెద్దగా మారలేదు.

నేను అప్పుడు సంగారెడ్డిలో ఒక బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. మా అన్న రత్నం పోతిరెడ్డిపల్లిలో ఉండేవాడు. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో, దాని పేరు ఇక్కడ అనవసరం, డ్రమ్ములు జరిపే నలుగురు మనుషుల మీద మేస్త్రీగా ఉండేవాడు. ఒకరోజు పొద్దున ఏడింటికి మా వదిన మరియమ్మ చెంగులో మడిచిన కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే, "సుగుణా, ఇది జెర సదివి చెప్పు. మీ అన్న ఇయ్యాల మూడు గంటలకు దీని మీద దస్కత్ పెడ్తడట" అంది.

పది రోజుల కిందట ఆ కంపెనీలో పైపు జాయింటు దగ్గర లీకై ఒక షెడ్డు నిండా ఘాటైన ఆవిరి కమ్ముకుందనీ, అన్న తన మనుషుల్ని తీసుకుని ఆ షెడ్డులోకే వెళ్లాడనీ, ఇద్దరు ఊపిరాడక పడిపోయారనీ నాకు తెలుసు. ఇద్దరూ బతికారు, కానీ ఇంకా పటాన్‌చెరు ఆస్పత్రిలోనే ఉన్నారు. అన్నను ఆ రోజు నుంచే పనిలోంచి నిలిపి పెట్టారు. కాగితం విప్పి చూస్తే నాలుగే వాక్యాలున్నాయి. ఏరియాను ఎవాక్యుయేట్ చేయమని, అంటే ఖాళీ చేయమని, ప్రకటించారు, ఏరియాను కార్డన్ ఆఫ్ చేశారు, అయినా నేను తెలిసి తెలిసి ఆ కార్డన్ దాటి లోపలికి వెళ్లి తోటివారి ప్రాణాలను అపాయంలో పెట్టాను, దీనికి నాదే బాధ్యత. ఇది అన్న చెప్పుకుంటున్నట్టుగా రాసి ఉంది. కింద గీత గీసి సంతకానికి చోటు వదిలారు.

"ఇది మాఫీ చిట్టీ అన్నరట. మాఫీ అడిగితే మళ్ల పనిలకు తీస్కుంటరట" అంది వదిన. ఇది క్షమాపణ కాదు, ఉద్యోగం తీసేయడానికి అన్న చేతనే రాయించుకుంటున్న ఒప్పుకోలు. అన్న ఏడో తరగతి చదివాడు. ఇంగ్లీషులో అక్షరాలు పోల్చుకుంటాడు తప్ప వాక్యం చదవలేడు. అప్పటికే పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లిపోయాడట, అక్కడి నుంచి నేరుగా కంపెనీకి పోతాడట. ఆ సంతకం పడనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను. పిల్లలకు యూనిట్ టెస్టు పెట్టి, పదకొండింటికి సగం రోజు సెలవు రాసి, చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

సంగారెడ్డి బస్టాండులో పటాన్‌చెరు వైపు వెళ్లే బస్సుకు ఎప్పుడూ కొదవ లేదు, పది నిమిషాలకొకటి దొరుకుతుంది. సిటీకి వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఎక్కకండి, ఆర్డినరీ ఎక్కండి, లేకపోతే కండక్టరుతో వాదించి దిగాల్సి వస్తుంది. అప్పట్లో టికెట్టు పన్నెండు రూపాయలు, ప్రయాణం ముప్పావు గంట. కుడి వైపు కిటికీ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నం ఎండ ముఖం మీదే కొడుతుంది కాబట్టి ఎడమ వైపు కూర్చోవడం మంచిది. నేను మాత్రం ఆ రోజు ఎక్కడ కూర్చున్నానో కూడా చూసుకోలేదు. కాగితంలోని మాటల్నే నమిలి నమిలి చూస్తున్నాను. నిజం చెప్పాలంటే అన్న మీద కోపంగా కూడా ఉంది. అందరూ బయటికి ఉరుకుతుంటే లోపలికి పోయేవాడు ఉంటాడా? మొదటి రోజు అడిగితే, "సారు క్లియర్ అన్నడు, పోయిన" అని ఒక్క మాట చెప్పి ముఖం తిప్పుకున్నాడు.

ఇస్నాపూర్ దగ్గర బస్సు ఆగింది. ఒక లారీ హైవేకు అడ్డంగా వెనక్కి తిరుగుతోంది. దాని క్లీనరు వెనకాల నిలబడి, బండి చెక్కను అరచేత్తో దబదబా బాదుతూ, "ఆనే దో, ఆనే దో, క్లియర్, క్లియర్!" అని అరుస్తున్నాడు. వాడు క్లియర్ అన్నప్పుడల్లా లారీ ఇంకో గజం వెనక్కి వస్తోంది. నేను సీట్లోంచి సగం లేచాను. మా అన్న కంపెనీలో చేరకముందు ఆరేళ్లు బొంబాయి లారీల మీద క్లీనరుగా తిరిగాడు. ఆరేళ్లు, రోజుకు ఇరవై సార్లు, క్లియర్ అంటే అన్నకు దారి ఖాళీగా ఉంది రమ్మని. ఇంక ఇంగ్లీషు టీచరును పక్కన పెట్టుకుని ఏం లాభం, ఇది నాకు పది రోజుల కిందటే తట్టాల్సింది. అన్న మీద కోపమంతా నా మీదికి మళ్లింది.

పటాన్‌చెరులో దిగేసరికి పన్నెండున్నర. ఆస్పత్రికి నడిచే దూరమే. బయట ఒక చిన్న మెస్సు ఉంటుంది, అన్నం, పప్పు, పచ్చిపులుసు, అప్పట్లో పదిహేను రూపాయలకు కడుపు నిండేది. లోపల పత్యం పెట్టాల్సిన వాళ్లుంటే చెబితే కారం తగ్గించి కట్టిస్తారు. నేను మూడు పొట్లాలు కట్టమన్నాను. వండే ఆమె ఒకప్పుడు ఏదో కంపెనీ క్యాంటీనులో పనిచేసిందట. అన్న సంగతి రెండు మాటల్లో చెప్పి, "కార్డన్ అంటే ఏందో తెలుసా నీకు?" అని అడిగాను.

"తెల్వక ఏందక్కా. గార్డెన్. సైరన్ మోగితే అందరం గార్డెన్లకు పోవాలె. గడ్డి మీద నిలవడితే లెక్క పెట్టుకుంటరు" అంది.

"గార్డెన్ కాదు, కార్డన్. చుట్టూ తాడు కట్టి ఎవ్వల్ని రానియ్యకుంట చేసుడు."

ఆమె గరిటె పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "తాడు కట్టిండ్రనే చెప్తే అయిపాయె గద. గంత మాట ఎందుకు?" అంది. నేను డబ్బులిచ్చి పొట్లాలు తీసుకున్నాను.

అన్న ఆస్పత్రి వార్డులో సత్తయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సత్తయ్య అన్న కింద పనిచేసే నలుగురిలో పెద్దవాడు. పడిపోయిన ఇద్దరిలో ఒకడు. రెండోవాడు పక్క మంచం మీద నిద్రపోతున్నాడు. నన్ను చూసి అన్న లేచాడు. కాగితంలో ఏం రాసుందో నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. తెలిసి తెలిసి అన్న చోట ఆగి రెండుసార్లు చెప్పాను. అన్న తల దించుకుని విన్నాడు.

"సరే. పెడ్త" అన్నాడు.

"ఏం పెడ్తవే? నీకు తెల్సి పోయినవా?"

"తెల్వదు. కని తోల్కపోయింది నేనే గద, చెల్లె. ఈళ్లు నా మొకం జూసి నా ఎన్క వచ్చిండ్రు. సారు చెప్పిండా, ఇంకొకడు చెప్పిండా, ఈళ్లకేం ఎర్క? నేను పోతున్న గాబట్టి వచ్చిండ్రు. తప్పు నాదే. గా కాగితంల ఉన్నది అబద్ధం గాదు."

అప్పుడు నాకు అర్థమైంది. ఉద్యోగం కోసం కాదు, శిక్ష కావాలనే సంతకం పెట్టబోతున్నాడు. అది చూసి నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. సత్తయ్య మంచం మీదే కష్టంగా ఒత్తిగిలి, నెమ్మదిగా మాట్లాడాడు. "టీచరమ్మా, మా సేఫ్టీ సారు మైకు పట్టుకుని ముందుగాల ఎవాక్యుయేట్ అన్నడు. మాకు ఎవాక్యుయేట్ అంటే రియాక్టరుకు వాక్యూం పెట్టుడు, పంపుతోని గాలి గుంజుడు. నేనైతే పంపు ఆన్ చెయ్యమంటున్నడేమో అని గటు దిక్కు జూసిన. గా ఎన్క ఏరియా క్లియర్, ఏరియా క్లియర్ అని మూడు సార్లన్నడు. నేను గూడ ఇన్న. రత్నమన్న ఒక్కడే ఇన్నది గాదు. పొద్దుగాలనే మాకు చెప్పి పెట్టిండ్రు, క్లియర్ అయినంక డ్రమ్ములు జరపాలె అని. పోయినం."

"మరి తాడు? కార్డన్ చేసిండ్రని రాసిండ్రు."

"తాడు యాడిదమ్మా? స్టోర్ల ఉండె. స్టోరుకు తాళం ఉండె. తాళం చెవి ఉన్నాయన గార్డెన్ల నిలవడ్డడు."

ఈ మాట మీద పక్క మంచంవాడు నిద్రలోంచి లేచి నవ్వాడు, నవ్వితే దగ్గు వచ్చింది, నర్సు వచ్చి మా అందరినీ కోప్పడింది. అన్న మాత్రం నవ్వలేదు. నేను అన్న జబ్బ పట్టుకుని లేపాను. "నీకు శిక్ష కావాల్నంటే తర్వాత మాట్లాడుదాం. అబద్ధం మీద మాత్రం దస్కత్ పెట్టనియ్య. నడు" అన్నాను. సత్తయ్య, "పో అన్నా, పో" అన్నాడు.

పటాన్‌చెరు నుంచి బొల్లారానికి షేర్ ఆటోలు మనిషికి అయిదు రూపాయలకు తీసుకెళ్లేవి. ముందు సీట్లో డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక ఆరుగురు, ఇది అప్పటి లెక్క. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు మారుతుంది కాబట్టి ఒకటింబావు నుంచి రెండున్నర దాకా ఆటోలో చోటు దొరకడం కష్టం, కంపెనీ బస్సుల వల్ల రోడ్డు కూడా నిండిపోతుంది. మాకు ఇరవై నిమిషాలు నిలబడ్డాక దొరికింది. ముక్కుకు చున్నీయో రుమాలో కట్టుకోండి, కొన్ని మలుపుల దగ్గర వాసన కళ్లలో నీళ్లు తెప్పిస్తుంది. డ్రైవరు మాత్రం ఉత్త మొహంతోనే నడుపుతున్నాడు. "వాసన రాదా అన్నా?" అంటే, "వస్తది. రానిరోజే భయం. కంపెనీ బందయిందా, నా గిరాకీ పాయెనా అని" అన్నాడు. నేను ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని, అదిరే ఆటోలో, ఆ కాగితానికి ఇవ్వాల్సిన జవాబు రాస్తూ పోయాను.

గేటు దగ్గర దిగేసరికి రెండూ ముప్పావు. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి, బయటివాళ్లను లోపలికి రానివ్వరు, టీచరైనా అంతే. సెక్యూరిటీ అతను బీహారు మనిషి, మర్యాదగానే చెప్పాడు. "మేడం, అందర్ అలౌ నహీ." నేను బతిమాలలేదు. "నేను లోపలికి రాను. మా అన్న కూడా రాడు. సంతకం కావాల్సినవాళ్లే బయటికి రావాలి" అని ఫోను చేయమన్నాను. అతను గాజు గదిలోంచి ఫోను చేసి ఏదో చెప్పి, మా వైపు భయంగా చూశాడు. పక్కనే సరుకు లారీ ఒకటి లోపలికి వెళ్లడానికి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, గేటుకు అడ్డంగా ఎర్ర తెల్ల గీతల కర్ర దించి ఉంది.

పావుగంటకు పర్సొనెల్ మేనేజరు వచ్చాడు, ఆయన వెనకాలే సేఫ్టీ ఆఫీసరు. క్లియర్ అన్న మాట విన్నందుకే అన్న లోపలికి పోయాడని చెప్పాను. మేనేజరుది కోస్తా వైపు భాష. "ఏవండీ, చదువుకున్నవారు, మీకు నేను చెప్పాలా? క్లియర్ అంటే ఖాళీ చేయమని కాదా?" అన్నాడు.

"క్లియర్ ద ఏరియా అంటే ఖాళీ చేయండి అని. ఏరియా క్లియర్ అంటే ఖాళీ అయింది, ఇంక భయం లేదు అని. రెండు మాటలే సార్, అటుదిటు చేస్తే అర్థం తిరగబడుతుంది" అన్నాను. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసి చెప్పినట్టే చెప్పాను. "పైగా కార్డన్ దాటాడని రాశారు. తాడు ఎవరు కట్టారు?"

మేనేజరు సేఫ్టీ ఆఫీసరు వైపు చూశాడు. ఆయన మలయాళీ, వచ్చి ఏడాదేనట, సన్నగా, కళ్ల కింద నల్లగా, ఆయన కూడా ఈ పది రోజులూ నిద్రపోయినట్టు లేడు. "తాడు కట్టలేదు, సార్. టైం లేదు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "కానీ మేడం, నేను క్లియర్‌గా చెప్పింది. మూడుసార్లు చెప్పింది. బయటికి పొమ్మని చెప్పింది. వాళ్లు లోపలికి పోయింది" అన్నాడు. అబద్ధం ఆడేవాడి ముఖం కాదు అది.

"ఎట్లా చెప్పారో అట్లాగే ఒక్కసారి చెప్పండి సార్. అంతే గట్టిగా" అన్నాను.

మేనేజరు, "ఇదంతా ఎందుకండీ" అంటూనే ఉన్నాడు. సేఫ్టీ ఆఫీసరు రెండడుగులు వెనక్కి వేసి, కర్రకు అవతల నిలబడి, మైకు బదులు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ రోజు అరిచినట్టే అరిచాడు. "ఏరియా క్లియర్! ఏరియా క్లియర్!"

సెక్యూరిటీ అతను వెంటనే తాడు లాగి కర్ర పైకెత్తాడు. లారీ డ్రైవరు గేరు వేశాడు. లారీ ముక్కు ఆఫీసరు వైపు కదిలింది. నేను కొయ్యబారి చూస్తుండగానే అన్న ఒక్క ఉదుటున ఉరికి, లారీ చెక్కను రెండు చేతులతో దబదబా బాదుతూ, "రోకో! రోకో రోకో!" అని కేక పెట్టాడు. లారీ ఆగింది. ఆఫీసరుకూ దానికీ నడుమ నాలుగడుగులుంటే గొప్ప.

మేనేజరు సెక్యూరిటీ అతని మీద విరుచుకుపడ్డాడు. "నీకెవడు చెప్పాడు ఎత్తమని?"

అతను నిజంగానే అయోమయంగా చూశాడు. "సాబ్ నే బోలా నా, సాబ్. క్లియర్ బోలా."

నేను గెలిచానని అనిపించలేదు. సేఫ్టీ ఆఫీసరు నేరుగా అన్న దగ్గరికి వెళ్లాడు. జేబులోంచి చిన్న డైరీ తీశాడు. "మీరు చెప్పండి. ఎట్లా చెప్పాలి?" అని అడిగాడు.

అన్న నా వైపు చూశాడు. నువ్వే చెప్పమని సైగ చేశాను. "బయటికి ఉర్కుండ్రి అనుండ్రి సారూ. గంతే. ఎవ్వడైనా ఉర్కుతడు" అన్నాడు అన్న. ఆఫీసరు ఆ రెండు మాటల్నీ నోట్లో రెండుసార్లు తిప్పుకుని, మలయాళం అక్షరాల్లో రాసుకున్నాడు. ఉర్కుండ్రి దగ్గర నాలుక తడబడితే అన్న మళ్లీ పలికి చూపించాడు.

మేనేజరు కాగితం వెనక్కి తీసుకున్నాడు. దాని బదులు నేను ఆటోలో రాసిన జవాబును, జరిగింది జరిగినట్టు, తెలుగులో, అన్న తన చేత్తో ఎత్తి రాసి సంతకం పెట్టాడు. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, అడగలేదు. వారం తర్వాత హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చి పనిలోకి తీసుకున్నారు. ఆ హెచ్చరిక ఎందుకో ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు, కానీ అన్న గొడవ వద్దన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో దాదాపు ఖాళీగా దొరికింది. సాయంత్రం నాలుగు నుంచి అయిదు మధ్య అటు నుంచి రావడం సుఖం. పటాన్‌చెరు ఇంకా రాకముందే అన్న హఠాత్తుగా, "గయితే నేను ఆళ్లను సంపనీకె తోల్కపోలే గద, సుగుణా?" అన్నాడు. నేను "లేదన్నా" అన్నాను. పది రోజులు మోసిన ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు. డ్రైవరు అద్దంలో చూసి, బండి నెమ్మదిగా నడిపాడు.

పదిహేనేళ్లు నేను పిల్లల చేత క్లియర్ అంటే స్పష్టమైన అని రాయించాను. నీళ్లు క్లియర్, ఆకాశం క్లియర్. కార్డన్, ఎవాక్యుయేట్, బ్యారికేడ్ పాఠాల్లో లేవని వదిలేశాను. నా పిల్లల్లో సగం మంది ఆ గేట్ల లోపలికే పోతారని నాకు తెలిసి కూడా వదిలేశాను. పెద్ద మాటలు రాకపోవడం వల్ల అన్నకు ఆపద రాలేదు. బాగా తెలుసనుకున్న చిన్న మాట, రోజూ వాడిన మాట తిరగబడి కొట్టింది. అది పలికినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు, ఇద్దరికీ తెలిసింది వేరు. ఆ సంవత్సరం నుంచి పదో తరగతికి నేను ఆ మాటలన్నీ చెప్పాను, పరీక్షలో రావని పిల్లలు గొణిగినా ఆపలేదు.

అటు వెళ్లేవాళ్లకు ఒకే సలహా. సైరన్ మోగినప్పుడు ఎవరు ఏ భాషలో ఏం అరిచినా, అది మీకు బాగా తెలిసిన మాటే అయినా, అడుగు వేసే ముందు గట్టిగా ఒక్కటి అడగండి: లోపలికా, బయటికా?